కిడ్నీ మార్పిడి: ఎవరి నిరీక్షణ ఏ రోజు నుంచి లెక్కకు వస్తుంది?

ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చి ప్రాణం నిలపడం మొదటిసారి సఫలమైంది 1954 డిసెంబరులో, బోస్టన్‌లో. దాత, గ్రహీత ఒకే పోలికల కవలలు కావడం వల్ల కొత్త అవయవాన్ని శరీరం పరాయిదిగా ఎంచి తిప్పికొట్టలేదు. ఆ తరువాత రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు రావడంతో ముక్కూ మొహం తెలియని మనిషి కిడ్నీ కూడా ఏళ్ల తరబడి పనిచేయడం సాధ్యమైంది. డయాలిసిస్ మీదే ఉండిపోయేవారి కంటే మార్పిడి చేయించుకున్నవారు సగటున ఎక్కువ కాలం, మెరుగ్గా బతుకుతారు. అయితే ఈ అవకాశం అన్ని జాతులవారికీ ఒకే తీరున అందడం లేదు. అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతం. కిడ్నీలు పూర్తిగా విఫలమైనవారిలో మాత్రం 30 శాతానికి పైగా వారే. అయినా మార్పిడి అందుకోవడంలో వారు శ్వేతజాతివారి వెనుకే ఉన్నారు.

ఈ మాట వినగానే, దొరికిన కిడ్నీని ఎవరికి ఇస్తున్నారో చూడాలని ఎవరికైనా తోస్తుంది. నిజానికి తేడాలో చాలా భాగం అంతకు ముందే, మార్పిడి కోసం ఎదురుచూసేవారి జాబితాలో పేరు చేరే నాటికే ఏర్పడిపోతుంది. అందుకు అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ ఒక గణిత సూత్రం.

కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడపోస్తున్నాయో నేరుగా కొలవడం శ్రమతో కూడిన పని కాబట్టి, రక్తంలోని క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థ పదార్థం) మోతాదు, వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరాలతో వైద్యులు దానిని అంచనా కడతారు. పరీక్ష కాగితం మీద ఈజీఎఫ్‌ఆర్ అని కనిపించే అంకె అదే. అమెరికాలో ఈ అంకె 20 లేదా అంతకంటే తక్కువకు పడిపోతే, డయాలిసిస్ మొదలుకాకపోయినా, జాబితాలో పేరున్న రోగి నిరీక్షణ కాలం లెక్కకు వస్తుంది. 1999లో వెలువడిన సూత్రం రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని సుమారు 1.2తో, 2009 నాటి సూత్రం సుమారు 1.16తో హెచ్చించమంది. అధ్యయనాలలో పాల్గొన్న నల్లజాతివారిలో, అదే వడపోత వేగానికి క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువగా కనిపించడమే దీనికి ఆధారం. వారి కండర పరిమాణం ఎక్కువ కావడమే కారణమని సరిగా పరిశీలించకుండానే చెప్పుకొచ్చారు. తల్లి ఒక జాతి, తండ్రి మరొక జాతి అయిన వ్యక్తిని ఏ గుణకంతో లెక్కించాలో ఆ సూత్రం చెప్పలేదు. రక్తంలో జాతిని చూపే పదార్థమేదీ లేదు గనుక, ఆ గడిని నింపింది రోగి రూపాన్ని చూసినవారో, దరఖాస్తు రాసినవారో!

ఈ గుణకం ఫలితం ఎలా ఉండేదో ఒక లెక్కతో చూడవచ్చు. ఒకే వయసు, ఒకే క్రియాటినిన్ ఉన్న ఇద్దరు పురుషులను తీసుకుంటే, 2009 సూత్రం ప్రకారం శ్వేతజాతి వ్యక్తికి సరిగ్గా 20 వచ్చిన రోజున నల్లజాతి వ్యక్తికి 23 దాటి వస్తుంది. మొదటివాడి నిరీక్షణ ఆ రోజే మొదలుకావచ్చు. రెండోవాడు కిడ్నీ మరింత దెబ్బతినేదాకా ఆగాలి. 2021లో నిపుణుల సంఘం ఒకటి జాతి ప్రసక్తి లేని కొత్త సూత్రాన్ని సిఫారసు చేసింది. దేశమంతటా అవయవాల కేటాయింపును నడిపే వ్యవస్థ 2022లో పాత గుణకాన్ని నిషేధించి, 2023 జనవరి నుంచి మరో అడుగు వేసింది: ఆ గుణకం వల్ల కాలం కోల్పోయినవారిని ప్రతి మార్పిడి కేంద్రమూ వెదికి, వారి నిరీక్షణను వెనకటి తేదీ నుంచి లెక్కించాలని ఆదేశించింది. 2024 తొలి నెలల నాటికి 14,000 మందికి పైగా నల్లజాతి రోగులకు ఈ సవరణ జరిగింది; ఒక్కొక్కరి ఖాతాలో సగటున రెండేళ్లు కలిశాయి. వైద్యంలో ఒక తప్పును ఇకమీదట చేయబోమని చెప్పి ఊరుకోవడమే తరచుగా చూస్తాం. పోగొట్టిన కాలాన్ని లెక్కగట్టి తిరిగి జమచేయడం అరుదైన విషయం.

దీనికి ముందే 2014 డిసెంబరులో మరొక మార్పు వచ్చింది. అంతవరకు, డయాలిసిస్ మీద ఉన్న రోగి ఎన్నేళ్లు గడిపినా, మార్పిడి కేంద్రంలో పేరు నమోదైన నాటి నుంచే అతని వంతును లెక్కించేవారు. కేంద్రానికి పంపే వైద్యుడు ఆలస్యం చేసినా, బీమా కుదరకపోయినా, పరీక్షల కోసం పని మానుకోలేకపోయినా ఆ నష్టమంతా రోగిదే. కొత్త నియమం డయాలిసిస్ మొదటి రోజునే ప్రారంభంగా తీసుకుంది. నియమం ఎక్కడా జాతి పేరెత్తలేదు. అయినా ఆలస్యంగా నమోదయ్యేవారిలో ఎక్కువమంది నల్లజాతివారూ, స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్‌లూ కావడం వల్ల వారికి జరిగే మార్పిడుల వాటా పెరిగింది.

ఇంతమాత్రాన జీవశాస్త్రానికి ఇందులో పాత్ర లేదనుకోకూడదు. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలో ఏపీఓఎల్1 అనే జన్యువులో కనిపించే రెండు రూపాంతరాలు కిడ్నీ జబ్బు ముప్పును పెంచుతాయని 2010లో తేలింది. నిద్రజబ్బును కలిగించే ఒక పరాన్నజీవి నుంచి అవి రక్షణ ఇచ్చినందువల్లే తరతరాలుగా నిలిచాయి. అమెరికా నల్లజాతివారిలో సుమారు 13 శాతం మందికి తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి చొప్పున ముప్పు రూపాలు సంక్రమించాయి. తక్కిన 87 శాతం మందికి అలా లేదన్నది కూడా అంతే ముఖ్యం. దాత నల్లజాతివాడైతే చాలు, అతని కిడ్నీ నాణ్యత తక్కువని అంచనా వేసే పద్ధతి 2024 దాకా కొనసాగింది. జన్యువును పరీక్షించి తెలుసుకోగల విషయానికి జాతిని కొండగుర్తుగా వాడుకోవడమే అందులోని లోపం.

రక్తవర్గాల సంగతి మరో రకం. బ్రిటన్‌లోని శ్వేతజాతివారిలో బి గ్రూపు పదింట ఒక వంతు మాత్రమే. దక్షిణాసియా మూలాలున్నవారిలో అది చాలా ఎక్కువ. దాతలలో అత్యధికులు శ్వేతజాతివారైనప్పుడు, కేటాయింపులో ఏ పక్షపాతమూ లేకపోయినా బి గ్రూపు రోగి ఎక్కువ కాలం ఆగక తప్పదు. ‘ఏ’ రక్తవర్గంలోని ‘ఏ2’ అనే ఉపవర్గంవారి కిడ్నీ కొందరు బి గ్రూపు రోగులకు సరిపోతుందన్న అంశాన్ని అమెరికా 2014 నియమాలలో చేర్చడం ఈ ఇరుకును కొంత సడలించింది.

మరి ఆ సముదాయాల నుంచే దాతలు పెరగరా? బ్రిటన్‌లో నిరీక్షణ జాబితాలో సుమారు మూడో వంతు మైనారిటీ జాతులవారే. 2020 ప్రాంతంలో మరణించినవారి అవయవాలను ఇవ్వడానికి శ్వేతజాతి కుటుంబాలు పదింట సుమారు ఏడు అంగీకరిస్తే, మైనారిటీ కుటుంబాలు సుమారు నాలుగే అంగీకరించాయి. ముందుగా కాదనని ప్రతి వయోజనుడినీ దాతగా భావించే చట్టం 2020 మేలో ఇంగ్లండ్‌లో వచ్చినా, ఆసుపత్రిలో కుటుంబాన్ని అడగడం మానలేదు కాబట్టి నిర్ణయం అక్కడే జరుగుతోంది. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయ సర్జన్ క్లైవ్ క్యాలెండర్ నల్లజాతివారు దానానికి ఎందుకు వెనుకాడుతున్నారో వారినే కూర్చోబెట్టి అడిగారు. అవగాహన లేమి, మత సందేహాలతో పాటు, దానపత్రం మీద సంతకం ఉంటే వైద్యులు తమను బతికించే ప్రయత్నం పూర్తిగా చేయరేమోనన్న భయం కూడా బయటపడింది. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి పురుషులకు సిఫిలిస్ చికిత్స అందనీయకుండా గమనిస్తూ కూర్చున్న ప్రభుత్వ అధ్యయనం బయటపడి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు; ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1982లో ఆయన మొదలుపెట్టిన స్థానిక కార్యక్రమం 1991 నాటికి జాతీయ స్థాయికి విస్తరించింది.

బతికి ఉన్న దాతల విషయంలో తేడా తగ్గకపోగా పెరిగింది. అమెరికాలో 1995లో జాబితాకెక్కిన శ్వేతజాతి రోగులలో 7 శాతం మందికి రెండేళ్లలోపు బతికి ఉన్న దాత నుంచి కిడ్నీ దొరికితే, నల్లజాతివారిలో 3.4 శాతం మందికి దొరికింది. 2014లో జాబితాకెక్కినవారిలో ఆ అంకెలు 11.4, 2.9. బంధువులలోనూ రక్తపోటు, మధుమేహం ఎక్కువగా ఉండడం, కోలుకునే వారాలపాటు కూలి పోగొట్టుకోలేకపోవడం ఇందుకు కొంత కారణం.

ఆస్ట్రేలియా మూలవాసులకైతే అడ్డంకి దూరమే. ఎడారి మధ్య ఉన్న కింటోర్ నుంచి డయాలిసిస్ కోసం సుమారు 500 కిలోమీటర్ల అవతలి ఆలిస్ స్ప్రింగ్స్‌కు వలసపోవలసి వచ్చేది. అక్కడి చిత్రకారులు 2000లో తమ చిత్రాలను వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టగా, 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ మొదలైంది. మార్పిడికి మాత్రం ఆలిస్ స్ప్రింగ్స్ దాటి ఇంకా సుమారు 1,500 కిలోమీటర్లు, అడిలైడ్ దాకా వెళ్లాలి. అందుకే 2019లో ఏర్పడిన జాతీయ కార్యదళం, జాబితాలో చేరే వరకు రోగి వెంట ఉండి పరీక్షలకు దారి చూపే మూలవాసీ సహాయకులకూ, పరీక్షలను రోగి ఊరికి దగ్గరగా తెచ్చే ప్రయత్నాలకూ డబ్బు కేటాయించింది.