ఏడు సంతకాలు, ఒక నీలం నోట్‌బుక్: ఆ సంఘంలో గొడవకు అసలు మొదలు

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దాటాక ఉన్న ఒక చిన్న క్రైస్తవ సంఘంలో గొడవ మళ్లీ రాజుకుంది. మందిరం స్థలం మీద లోన్ తీసుకోవాలని కమిటీ తీర్మానం చేసింది, ఆ సంగతి విశ్వాసులకు తెలిసింది మాత్రం బ్యాంకు మనిషి వచ్చి గేటు ముందు ఫొటోలు తీస్తున్నప్పుడు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధన అవ్వగానే గుంపులు గుంపులుగా మాటలు, ఫోన్లలో వాయిస్ మెసేజ్‌లు, ఒకరంటే ఒకరికి టెన్షన్. సంఘం పేరు రాయను. మా అక్క వాళ్ల కుటుంబం అందులోనే ఉంది కాబట్టి నా మనసు ఎటు మొగ్గుతుందో చదివేవాళ్లకు ముందే తెలియడం మంచిది.

అద్దె ఇంటి హాల్లో పదకొండు కుటుంబాలతో మొదలవడం, ఓనరు ఖాళీ చేయమంటే ఫంక్షన్ హాల్‌కు మారడం, తర్వాత రేకుల షెడ్డు, ఇదంతా వదిలేస్తున్నాను. హైదరాబాద్ చుట్టూ ఏ కొత్త సంఘాన్ని కదిపినా ఇదే కథ చెబుతారు. అసలు తెలుసుకోవాల్సింది లాక్‌డౌన్‌కు ముందు ఏడాది జరిగిన శనివారం కూటాల గురించి.

అప్పటికి సంఘం నూట నలభై కుటుంబాలకు పెరిగింది. సంఘానికంటూ ఒక నియమావళి ఉండాలని మొదట అన్నది పాస్టర్ గారే, ఇది ఆయన పక్షాన తప్పకుండా చెప్పాలి. దాన్ని ముగ్గురు నలుగురు కూర్చుని రాయడం కాదు, అందరినీ అడిగి రాయాలని కూడా ఆయనే అన్నారు. వరుసగా ఆరు శనివారాలు సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఎనిమిదేసి మంది చొప్పున కూర్చున్నారు. స్త్రీల కూటం ఒక వైపు, యూత్ ఒక వైపు, పెద్దలు ఒక వైపు కాకుండా, కావాలనే కలిపి కూర్చోబెట్టారు. ఎవరిని సభ్యులనాలి? కానుక ఎవరు లెక్కపెట్టాలి? స్థలం ఎవరి పేరు మీద ఉండాలి? పాస్టర్‌ను ఎవరు పిలుస్తారు, కుదరకపోతే ఎవరు పంపిస్తారు? ఈ చివరి ప్రశ్న దగ్గర మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదని, మూడో శనివారానికి గానీ మాటలు రాలేదని అక్క చెప్పింది.

చెప్పినవన్నీ ఒక టీచరమ్మ నీలం అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్‌లో రాసింది. నేను దాన్ని చూశాను. అందులో పదిహేడో పేజీ దగ్గర ఆగిపోయాను. ఏటా జమాఖర్చులు టైప్ చేసి నోటీసు బోర్డుకు అతికించాలని ఎవరో అంటే అలాగే రాశారు. దాని కింద ఆ వాక్యం కొట్టేసి ఉంది. వెనక కుర్చీలో కూర్చున్న ఒక అవ్వ లేచి అన్నదట: "నాకు సదువు రాదు బిడ్డా. గోడకు అతికిస్తే నాకేం ఎరుక? సదివి ఇనిపియ్యుండ్రి." కొట్టేసిన చోట టీచరమ్మ కొత్తగా రాసింది: సంవత్సరానికి రెండుసార్లు, ఆరాధన అయ్యాక, సంఘమంతా కూర్చుని ఉండగా లెక్క పైకి చదవాలి. కానుక లెక్కపెట్టే ఇద్దరు ఒకే కుటుంబం వాళ్లు కాకూడదన్నది ఆ తర్వాతి పేజీలో ఉంది. స్థలం కొనడం, అమ్మడం, తాకట్టు పెట్టడం సభ్యుల ఓటు లేకుండా జరగకూడదన్నది ఇంకో పేజీలో.

ఇంకొకటి కూడా రాసుకున్నారు, దాన్ని ఇప్పుడు ఎవరూ గుర్తు చేయడం లేదు. వాక్య బోధ విషయం ఓటుకు పెట్టకూడదు, అది కాపరి, అంటే పాస్టర్, పెద్దల బాధ్యత. ఇది ఎవరో బలవంతం చేస్తే వచ్చింది కాదు, సభ్యులే కోరి తమ చేతిని కట్టేసుకున్నారు.

తర్వాత జరిగింది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. నా లెక్కలో ఇవాళ్టి గొడవంతా పుట్టింది అక్కడే. రెండు వందల గజాల ప్లాటు బేరం కుదిరింది, అమ్మేవాళ్లు నెలాఖరులోపు రిజిస్ట్రేషన్ కావాలన్నారు. సంఘం పేరున బ్యాంకు ఖాతా లేదు, ఖాతా కావాలంటే సొసైటీగా రిజిస్టర్ కావాలి. మన దగ్గర 2001లో వచ్చిన 35వ నంబరు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దీనికి కనీసం ఏడుగురు ఉంటే చాలు, మెమోరాండం, బైలాస్ (సొసైటీ నియమావళి) పెట్టి సంతకాలు చేయాలి. టైమ్ లేదు. డీటీపీ షాపులో ఇంకేదో సొసైటీ కోసం టైప్ చేసి పెట్టుకున్న బైలాస్ ఉన్నాయి, వాటిలో పేరు, అడ్రసు మార్చారు. ఏడుగురు సంతకాలు పెట్టారు: పాస్టర్ గారు, పాస్టరమ్మ, ఆమె తమ్ముడు, దగ్గరి పెద్దలు నలుగురు. నోట్‌బుక్ టీచరమ్మ ఇంట్లో బీరువాలో ఉంది. "ముందు స్థలం చేతికి రానివ్వండి, తర్వాత అన్నీ అందులోకి మార్చుకుందాం" అన్నారు, అందరూ సరేనన్నారు. అక్క కూడా సరేనన్నది. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది.

ఆ షాపు బైలాస్‌లో ఒక వాక్యం ఉంది: కమిటీ ఆమోదించి రిజిస్టరులో పేరు ఎక్కించినవాళ్లే సభ్యులు. ఆ రిజిస్టరులో ఈ రోజుకీ ఏడు పేర్లే ఉన్నాయి. నూట నలభై కుటుంబాలు దశమ భాగం ఇస్తున్నాయి, ప్లాటు కోసం కొందరు ఆడవాళ్లు గాజులు తీసి ఇచ్చారు, అయినా కాగితం మీద వీళ్లు సభ్యులు కారు. బైలాస్ మార్చాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఆ సర్వసభ్యులంటే ఆ ఏడుగురే. వివాదం వస్తే సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లొచ్చని చట్టంలో ఉంది, కానీ అక్కడా మొదటి ప్రశ్న అదే, నువ్వు సభ్యుడివేనా? ఈ లోన్ తీర్మానం కాగితం ప్రకారం సరైనదే కావచ్చు, నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే.

ఏడుగురు అనగానే సంఘంలో అందరికీ గుర్తొచ్చేది బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. రోజువారీ పరిచర్యలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అంటే మొదటి సంఘంలోనూ గొడవ పంపకాల దగ్గరే వచ్చింది. పన్నెండు మంది అపొస్తలులు ఏం చేశారు? శిష్యుల సమూహాన్ని పిలిచి, ఏడుగురిని మీలోనుంచి మీరే ఏర్పరచుకోండి అన్నారు. ఎంచుకున్నది సమూహం, చేతులుంచి ప్రార్థన చేసింది అపొస్తలులు. ఇక్కడ ఏడుగురు ఉన్నారు, వాళ్లను ఎంచుకున్న సమూహం లేదు.

పాస్టర్ గారి వైపు మాట కూడా విన్నాను. వేయబడిన పునాది క్రీస్తే, మరో పునాది ఎవరూ వేయలేరు కాబట్టి ఓట్లతో సంఘాన్ని కట్టలేం అంటారు ఆయన. ఎన్నికలు వస్తే వర్గాలు వస్తాయని ఆయన భయం. ఆ భయం ఉత్తదేం కాదు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పెద్ద సభ అయిన సినాడ్ ఎన్నికల తగాదాలో మద్రాస్ హైకోర్టు 2024లో రిటైర్డ్ జడ్జీలను అడ్మినిస్ట్రేటర్లుగా వేయాల్సి వచ్చింది. లోన్ కూడా స్లాబు వేయడానికేనని, తన కోసం కాదని ఆయన అంటున్నారు. ఆయన్ని నేను నమ్ముతాను. కానీ ఎవరూ ఆయన నిజాయితీని అడగడం లేదు, తమను అడగకుండా ఎందుకు చేశారని అడుగుతున్నారు.

అదే సీఎస్ఐ ఎలా పుట్టిందో చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, 1919లో తమిళనాడు తరంగంబాడిలో మిగతా సంఘాల వాళ్లతో కూర్చుని ఐక్యత మాట మొదలుపెట్టారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబర్ 27న గానీ జరగలేదు. ఇరవై ఎనిమిదేళ్లు! ఆయన 1945లోనే చనిపోయారు, చూడలేకపోయారు. అంత ఆలస్యం దేనికంటే, బిషప్పుల పద్ధతి కావాలనేవాళ్లు, పెద్దల సభ కావాలనేవాళ్లు, స్థానిక సంఘంలో విశ్వాసుల మాటే చెల్లాలనేవాళ్లు, ఎవరినీ తోసేయకుండా ఒప్పించుకుంటూ పోయారు, చివరికి సీఎస్ఐ రాజ్యాంగంలో ఆ మూడింటికీ చోటు పెట్టారు. బాప్తిస్మం తీసుకున్న పల్లెటూరి మనుషుల చేత తమ తల మీదే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని అజరయ్య గారు చెప్పించేవారు. చదువు లేని కూలీవాళ్లు కూడా అలా చెప్పేవాళ్లు. మొదటి రోజు నుంచే సంఘం పని వాళ్లదీ అయ్యింది.

అందుకే నెలాఖరు తొందర అనే మాట విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. ప్లాటు పోతే ఇంకో ప్లాటు దొరికేది. అసలు ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యాక, లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా నోట్‌బుక్ తెరవడానికి కావలసినంత టైమ్ ఉంది. మూడుసార్లు అడిగారు. మొదటిసారి కన్వెన్షన్ అయ్యాక అన్నారు, రెండోసారి స్లాబు అయ్యాక అన్నారు, మూడోసారి అడిగిన యూత్ లీడర్‌ను పాటల టీమ్ నుంచి తీసేశారు. అభిషిక్తుని, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి, ముట్టకూడదన్న బైబిల్ వాక్యం ఆ వారమే పుల్పిట్ మీద నుంచి వినిపించింది.

ఇప్పుడు విశ్వాసులు అడుగుతున్నవి రెండే. లోన్ ఆపి, ముందు బాప్తిస్మం పొంది ఏడాదిగా వస్తున్న పెద్దవాళ్లందరి పేర్లూ రిజిస్టరులో ఎక్కించండి. ఆ తర్వాత నీలం నోట్‌బుక్‌లో ఉన్నది చదివి, కావాలంటే మార్చి, బైలాస్‌గా తీర్మానం చేయండి. కమిటీలో ఇద్దరు పెద్దలు దీనికి ఒప్పుకున్నారని అంటున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుందామని పాస్టర్ గారు కబురు పెట్టారు, అజెండా మాత్రం చెప్పలేదు.

టీచరమ్మ నోట్‌బుక్‌ను బీరువాలోంచి తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచింది. ఆ అవ్వ ఈ మధ్య మోకాళ్ల నొప్పులతో మందిరానికి రావడం లేదు. ఆదివారం ఆటో పంపిస్తానని అక్క ఆమెతో చెప్పి వచ్చింది.