ఉప్పు హైవే దాటి వెళ్ళింది, తిరిగి వచ్చిందా?

ఆగస్టులో స్పీడ్ వీక్ అనే వేగ పందేల వారం దగ్గర పడిందంటే బానెవిల్ ఉప్పు మైదానంలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఈసారి ట్రాక్ ఎన్ని మైళ్ళు వేయగలరన్నది ఒకటి. తగ్గిన మైళ్ళకు బాధ్యులెవరన్నది ఇంకొకటి. ఒకప్పుడు 13 మైళ్ళ ట్రాక్ ఉండేదని పాత రేసర్లు చెబుతారు. ఇప్పుడు 8 మైళ్ళు దొరికితే పండగే. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో, నెవాడా సరిహద్దున, వెండోవర్ ఊరి పక్కన ఉన్న ఈ ఉప్పు మైదానం పలచబడుతోందన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎందుకన్న దగ్గరే గొడవ. రేసర్లు పొటాష్ కంపెనీని వేలెత్తి చూపిస్తారు. తీసుకున్నది తిరిగి పోస్తూనే ఉన్నాం కదా అని కంపెనీ అంటుంది. ఆ నేల కేంద్ర ప్రభుత్వానిది, చూసుకునేది బీఎల్‌ఎం అనే భూ నిర్వహణ సంస్థ. అది ఎప్పుడూ ఇంకో అధ్యయనం దగ్గరే ఆగుతుంది.

1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఇక్కడ గంటకు 301 మైళ్ళ వేగం అందుకోవడం, 1970లో గ్యారీ గాబెలిచ్ రాకెట్ బండితో 622 మైళ్ళు కొట్టడం వేగం మీద మోజున్న వాళ్ళందరికీ తెలిసిన కథే. ఇప్పటి తగువుకు అవి పెద్దగా పనికిరావు. పనికొచ్చేవి 1997 నుంచి 2002 దాకా మైదానం మీద ఉప్పును తిరిగి పోసిన ఐదు చలికాలాలు. ఇవాళ ఎవరు ఏ వాదన ఎత్తుకున్నా ఆ ఐదేళ్ళనే సాక్షిగా పిలుస్తారు. ఎవరికి కావలసిన సాక్ష్యం వాళ్ళు చెప్పించుకుంటారు.

ముందు ఉప్పు హైవే ఎలా దాటిందో చూద్దాం. మైదానాన్ని కోసుకుంటూ ఇంటర్‌స్టేట్ 80 పోతుంది. దానికి ఉత్తరాన రేసులు, దక్షిణాన పొటాష్ మళ్ళు. చినగంజాంలోనో నౌపడలోనో ఉప్పుమళ్ళు చూసినవాళ్ళకు అక్కడి పని కొత్తగా ఏమీ అనిపించదు. ఉప్పునీటిని మళ్ళలోకి పెట్టి ఎండకు వదిలేయడమే. కాకపోతే మనకు ఉప్పే పంట. వాళ్ళకు కావలసింది పొటాష్, మన రైతులు ఎరువుల కొట్లో బస్తాల లెక్కన కొనే సరుకు. ఆ నీరు ఇగిరేటప్పుడు ముందుగా పేరుకునేది మామూలు ఉప్పు. దాన్ని మడి అడుగున వదిలేసి, మిగిలిన చిక్కటి నీటిని పక్క మడిలోకి మళ్ళించి పొటాష్ తీస్తారు. అంటే ఉత్తరాన రేసర్లు ప్రాణంగా చూసుకునే ఉప్పు దక్షిణాన చెత్త కింద లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి పొటాష్ ఆగిపోయినప్పుడు ఇక్కడ ఈ పని మొదలైంది. దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1963 ఆగస్టులో క్రెయిగ్ బ్రీడ్‌లవ్ జెట్ ఇంజన్ బండిలో 407 మైళ్ళ వేగంతో దూసుకెళ్ళి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. పొటాష్ కర్మాగారం కైజర్ కంపెనీ చేతికి వచ్చిందీ ఆ ఏడాదే. హైవేకు ఉత్తరాన ప్రభుత్వ భూమిలో కాలువల ద్వారా ఉప్పునీరు తోడుకునేందుకు ఇచ్చిన లీజులు కూడా ఆ దశకంవే. పత్రికలవాళ్ళు బండి వెనక పరిగెత్తారు, కాలువలను చూసినవాళ్ళు లేరు.

చూసింది రేసర్లే. ఈ రేసర్లంటే స్పాన్సర్లున్న పెద్ద టీములేమో అనుకునేరు. 1949లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ మొదటిసారి ఇక్కడ మీట్ పెట్టినప్పుడు వచ్చినవి పెరటి షెడ్లలో తయారైన బండ్లు. పాత ఫోర్డ్ వీ8 ఇంజన్లు, యుద్ధ విమానాలు మోసి పడేసిన పెట్రోలు ట్యాంకులతో చేసిన బాడీలు. ఆ పాత ఇంజన్లకు ఇప్పటికీ వేరే తరగతులున్నాయి, తాతల బండ్లు మనవలు నడుపుతున్నారు. గెలిస్తే డబ్బేమీ రాదు. ఉన్న రికార్డు దాటి పరిగెత్తిన బండిని ఇంపౌండ్ అనే కాపలా ఆవరణలో పెడతారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పరిగెత్తించి, రెండు పరుగుల సగటు పాత రికార్డును మించితేనే పుస్తకంలో పేరు ఎక్కుతుంది. సగటున 200 మైళ్ళు దాటి రికార్డు కొట్టినవాళ్ళకు ఒక క్లబ్బు, ఒక ఎర్ర టోపీ. దానికోసం ఇల్లు తాకట్టు పెట్టేంత పిచ్చి ఉన్న మనుషులు వాళ్ళు.

వాళ్ళు నేలతో కాపురం చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చే మొదటి సలహా గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోమని, ఎందుకంటే అక్కడ ఎండ కిందినుంచీ కొడుతుంది. పొరలో కొంచెం చెమ్మ ఉంటే టైరు చల్లగా ఉంటుందని, ఎక్కువైతే చక్రం జారుతుందని, పొర పలచనైతే కింది బురద పైకి తన్నుకొస్తుందని వాళ్ళకు ఏ నివేదికా చెప్పనక్కర్లేదు. ఒకప్పటి ఉప్పు కాంక్రీటులా ఉండేదని వాళ్ళంటే, ముసలాళ్ళ జ్ఞాపకాలని కొట్టిపారేసినవాళ్ళున్నారు. కానీ 1960లో తీసిన కొలతలను 1988 నాటి కొలతల పక్కన పెట్టి చూస్తే పొర నిజంగానే తగ్గినట్టు తేలింది. ఆ తర్వాతే రేసర్లు 'సేవ్ ద సాల్ట్' పేరుతో కూడగట్టుకున్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే: దక్షిణాన మళ్ళలో వృథాగా పడి ఉన్న ఉప్పును వెనక్కి పంపండి.

అప్పటికి కర్మాగారం రైలీ అనే కంపెనీ చేతిలో ఉంది. 1997 నవంబరులో బీఎల్‌ఎంతో ఒప్పందం మీద పని మొదలైంది. బావి నీటితో మళ్ళలోని ఉప్పును కరిగించి, ఆ నీటిని హైవే దాటించి మైదానం మీద పరిచారు. చలికాలమంతా పంపడం, వేసవిలో ఎండనివ్వడం. ఐదేళ్ళలో 62 లక్షల టన్నుల ఉప్పు ఉత్తరానికి వెళ్ళింది. రేసర్లకు అది పండగ. ట్రాక్ గట్టిపడిందని, ఆ ఏళ్ళలో ఉప్పు మళ్ళీ పాత ఉప్పులా అనిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2002లో పథకం గడువు ముగిసింది. 2004లో కర్మాగారం ఇంట్రెపిడ్ పొటాష్ చేతికి వచ్చాక ఉప్పునీరు పంపడం మళ్ళీ మొదలైంది కానీ ఆ జోరు లేదు.

శాస్త్రవేత్తల మాట వేరు. అంత ఉప్పు పోసినా పొర మందం పెరిగిన దాఖలా లేదని, చాలా భాగం కింది భూగర్భ జలంలోకి కరిగిపోయిందని వాళ్ళ వాదన. యూనివర్సిటీ ఆఫ్ ఉటా పరిశోధకులు మరో అడుగు ముందుకేశారు. ఉప్పును కరిగించడానికి బావుల నుంచి తోడే నీళ్ళే భూగర్భంలో ప్రవాహం దిశను మార్చి, మైదానం కింది ఉప్పునీటిని అవతలికి లాగుతున్నాయన్నారు. రేసర్లకు ఇది మింగుడుపడదు. మందే రోగమంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది? ఇందులో కంపెనీకి కలిసొచ్చేదీ ఉంది. హైవే కట్ట, వానలు, మారే వాతావరణం అన్నీ కారణాలే అంటే, ఏ ఒక్కరినీ నిలదీయలేం. మూడు దశాబ్దాల్లో పొర సుమారు మూడో వంతు తగ్గిందన్న లెక్కను మాత్రం ఎవరూ కాదనడం లేదు.

వాన సంగతికొస్తే థాంప్సన్ల కథ చెప్పాలి. 1960లో మిక్కీ థాంప్సన్ ఇక్కడ ఒకవైపు పరుగులో 406 మైళ్ళు కొట్టాడు. తిరుగు పరుగులో బండి మొరాయించింది, రికార్డు దక్కలేదు. 1968లో కొత్త బండి ఛాలెంజర్ 2తో వస్తే వాన పడి మైదానం చెరువైంది. ఆ బండి షెడ్డుకెళ్ళి దశాబ్దాలు అక్కడే ఉండిపోయింది. దాన్ని కొడుకు డానీ బయటికి తీసి సిద్ధం చేసేసరికి 2014 స్పీడ్ వీక్ రద్దు. 2015లోనూ అంతే, నీళ్ళు, బురద. చివరికి 2018 ఆగస్టులో తండ్రి బండిలోనే డానీ 448.757 మైళ్ళ రికార్డు కొట్టాడు. అంటే గంటకు 722 కిలోమీటర్లు. 1968లో కురిసిన వానకు ఏ కంపెనీనీ తప్పుపట్టలేం, నిజమే. కానీ మందపు పొర వానను తట్టుకుని మళ్ళీ గట్టిపడుతుందని, పలచటి పొర బురదలో కలిసిపోతుందని రేసర్లు చెప్పేదాంట్లో పస ఉంది.

2019లో ఉటా శాసనసభ మైదానం బాగుకోసం 50 లక్షల డాలర్లు పక్కన పెట్టింది. కేంద్రం 4.5 కోట్ల డాలర్లు ఇస్తే పదేళ్ళ పథకం నడపాలన్నది ఆలోచన. పథకం అంటే కొత్తదేమీ కాదు, 1997లో చేసిన పనినే ఇంకా పెద్ద ఎత్తున చేయడం. కేంద్రం నుంచి అంత సొమ్ము రాలేదు. రాష్ట్రం కూడా తన డబ్బులో చాలా భాగం వెనక్కి తీసుకుంది. 2022లో స్పీడ్ వీక్ మళ్ళీ నీళ్ళపాలైంది. హైవేకు దక్షిణాన మళ్ళ అడుగున ఉప్పు ఇంకా అలాగే ఉంది. దాన్ని కరిగించడానికి నీళ్ళు ఏ బావి నుంచి తేవాలన్నది ఇప్పటి పేచీ.