ఫుజితా పాలతెలుపు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జపాన్ చిత్రకారుడు ఫుజితా బొమ్మల్లోని పాలలాంటి తెలుపు జపాన్ నుంచి మూటగట్టుకెళ్లిన విద్య.

వాస్తవం: ఫుజితా త్సుగుహరు (1886-1968) టోక్యోలో చదివింది పాశ్చాత్య తైలవర్ణ చిత్రకళే. 1913లో పారిస్ చేరాక, ఆ చదువు అక్కడ పాతబడిపోయిందని తెలిసొచ్చింది. అప్పుడు అక్కరకొచ్చినవి మెన్సో అనే సన్నని జపాన్ కుంచె, సుమి అనే జపాన్ నల్లసిరా. తెలుపు మాత్రం పారిస్‌లో సొంతంగా కుదుర్చుకున్నది.

అపోహ: అదొక ప్రత్యేకమైన రంగు.

వాస్తవం: పైన వేసే రంగు కాదు, కింద వేసే నూనెపూత. అందులో సీసపు తెలుపు, సుద్ద, టాల్క్ (ఒంటికి రాసుకునే పౌడర్‌లో ఉండే మెత్తటి ఖనిజపు పొడి) ఉన్నాయి. ఆయన బతికుండగా ఈ గుట్టు విప్పలేదు. ఆయన పోయాక చిత్రాల పరీక్షల్లో టాల్క్ బయటపడింది, 1942లో ఫొటోగ్రాఫర్ దోమోన్ కెన్ ఆయన్ని తీసిన ఫొటోల్లోనూ పసిపిల్లల పౌడర్ డబ్బా కనబడింది.

పౌడర్ ఎందుకంటారా? నూనెపూత మీద నీళ్లసిరా పారదు, చుక్కలుగా ముడుచుకుంటుంది. టాల్క్ పైజిడ్డును పీల్చి, నునుపు చెడకుండా మెరుపు తగ్గిస్తుంది. గీత తెగకుండా సాగడానికి అదే కారణం. కుంచె ఎంత మంచిదైనా జిడ్డు మీద చేసేదేమీ లేదు.

చేసి చూడాలనుకుంటే ముందు పాత కాన్వాస్ ముక్క మీద చూడండి. సీసం విషం, దాని బదులు టైటానియం వైట్ అనే తెల్లరంగు వాడండి. జింక్ వైట్ వద్దు, పెళుసెక్కి బీటలిస్తుంది. అవిసెనూనె పూత చేతికి అంటనంతగా ఆరాలి, వారాలు పట్టొచ్చు. తర్వాత చిటికెడు సాదా టాల్క్‌ను మెత్తటి బట్టతో రుద్ది, మిగిలింది శుభ్రంగా దులిపెయ్యాలి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే: దులపకపోతే సిరా పొడికి పట్టుకుని, ఆరాక పొడితోపాటే రాలిపోతుంది. మాస్క్ తప్పనిసరి.

అపోహ: మురికి పడితే తడిగుడ్డతో తుడిచి, వార్నిష్ వేస్తే సరి.

వాస్తవం: రెండూ ప్రమాదమే. సిరా గీత పైపైనే ఉంటుంది, తడి తగిలితే చెదిరిపోవచ్చు. వార్నిష్ పూతలోకి ఇంకితే సుద్ద సగం పారదర్శకమైపోతుంది, తెలుపు మసకబారి పసుపు తిరుగుతుంది. పొడి మెత్తటి కుంచెతో దుమ్ము తీయడం దాటి చెయ్యి పెట్టకండి, ఆపైన చిత్రాలను బాగుచేసే నిపుణుల పని.

అపోహ: జీవితాంతం ఆ తెలుపునే నమ్ముకున్నాడు.

వాస్తవం: యుద్ధకాలపు చిత్రాల్లో గోధుమరంగే ఎక్కువ. 1955లో ఫ్రెంచి పౌరుడై, 1966లో రెన్స్ నగరంలోని చర్చి గోడలకు ఫ్రెస్కో (తడి సున్నం మీద వేసే గోడబొమ్మ) వేశాడు. అక్కడ సున్నం తడి ఆరేలోపే, ఆ రోజుకు పూసిన మేరకే బొమ్మ పూర్తవ్వాలి. తప్పు పడితే ఆ ముక్క గీకేసి మళ్లీ పూయాల్సిందే. ఆయనకప్పుడు ఎనభైకి కొన్ని నెలలే తక్కువ.