చేపను చూపించేదీ గాలే, దాచేసేదీ గాలే

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మోటారు పడవకు ఫిష్‌ఫైండర్ పెట్టించాను. మానేరు డ్యాంలో పడవ ఆపితే అడుగు, చేపలు అన్నీ కనిపిస్తాయి. స్పీడ్ అందుకోగానే తెరంతా చుక్కలే. మిషన్ పాడైందా?" దిష్టి తగిలిందని ఇంట్లోవాళ్లు మోటారుకు నిమ్మకాయలు, మిరపకాయలు కూడా కట్టారట. మిషన్ బాగానే ఉంది, దిష్టీ లేదు. శబ్దాన్ని పంపి, తిరిగి వినే దాని నీటి భాగం, అంటే ట్రాన్స్‌డ్యూసర్, బిగించిన చోటు కుదరలేదంతే.

ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లలోకి మన చెవికి అందని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది కాబట్టి పది మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి 14 మిల్లీసెకన్లు చాలు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. అసలు శబ్దం వెనక్కి ఎందుకు తిరుగుతుంది? బడిలో ప్రతిధ్వనికి 17 మీటర్ల దూరం కావాలని పిల్లలతో బట్టీ పట్టిస్తాం కానీ, ఈ సంగతి చెప్పం. నాకు ఇది ఎప్పుడూ బాధే.

పదార్థం సాంద్రతను, అందులో శబ్ద వేగాన్ని గుణిస్తే వచ్చేది ఇంపీడెన్స్. నీటికి అది సుమారు 14.8 లక్షలు, గాలికి 400 పైచిలుకు. రెండు పదార్థాలు కలిసే చోట ఈ తేడా ఎంత పెద్దదైతే శబ్దం అంత గట్టిగా వెనక్కి కొడుతుంది. నీరూ గాలీ కలిసే చోట 99.9 శాతం శక్తి తిరిగి వచ్చేస్తుంది. చేప కండ మాత్రం శబ్దానికి దాదాపు నీళ్లతో సమానం. బొచ్చెనో రవ్వనో కోసేటప్పుడు పొట్టలో వెన్నుకు ఆనుకుని, నడుమ నొక్కినట్టు రెండు గదులుగా ఉండే తెల్లటి గాలితిత్తి చూసే ఉంటారు. అలాంటి తిత్తి ఉన్న చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో 90 శాతానికి పైగా దానిదే. మీ తెర మీద కనిపించేది చేప కాదు, చేప మోసుకు తిరిగే గాలి!

ఆ గాలే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కిందికి బుడగలుగా వస్తే? శబ్దం చేప దాకా పోకుండా అక్కడే చెదిరిపోతుంది. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి ఈనో వేయండి. నురగ తగ్గేదాకా గ్లాసు అడుగున చెంచాతో టకటకా కొడుతూ వినండి. మొదట మొద్దుగా ఉన్న శబ్దం బుడగలు పోయేకొద్దీ సన్నగా, కీచుగా మారుతుంది. నీళ్లలో వందో వంతు గాలి కలిసినా శబ్ద వేగం 1,480 నుంచి 120 మీటర్ల దాకా పడిపోతుంది మరి. ఇంకో చిక్కూ ఉంది. ప్రతి బుడగకూ తన సైజును బట్టి ఒక సొంత కంపనం ఉంటుందని మినార్ట్ అనే శాస్త్రవేత్త 1933లో లెక్కగట్టాడు. ఫిష్‌ఫైండర్లు ఎక్కువగా వాడే 200 కిలోహెర్ట్జ్ శబ్దానికి సరిపడే బుడగ వ్యాసార్థం సుమారు 0.016 మిల్లీమీటర్లు, అంటే కంటికి ఆనదు. అలాంటి బుడగ తన సైజుకు ఎన్నో రెట్ల శబ్దాన్ని మింగేస్తుంది. అందుకే నీళ్లు తేటగా కనిపిస్తున్నా తెర మీద గందరగోళం తప్పదు.

ఇక బిగింపు సంగతి. పడవ వెనక మోటారు తగిలించే నిలువు పలకే ట్రాన్సమ్; ట్రాన్స్‌డ్యూసర్ బిగించేదీ దానికే. ముందుగా పడవ అడుగున రివెట్లు, పొడుగు గట్లు ఎక్కడున్నాయో చూడండి. పరుగులో వాటి వెనక బుడగల చార లేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ ఆ వరసలో ఉండకూడదు, ప్రొపెల్లర్‌కు కనీసం 38 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంటే కుడి పక్క మేలు. అక్కడ రెక్కలు కిందికి దిగుతాయి, ఎడమ పక్క పైకి లేస్తూ నీళ్లను కలిచేస్తాయి. ముఖం ట్రాన్సమ్ అడుగు అంచు కంటే ఫైబర్ పడవకైతే 3, అల్యూమినియానికైతే 10 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. వెనక అంచు వెంట్రుకవాసి దిగువకు వంగితే పారే నీరు ముఖాన్ని ఒత్తుకుంటూ పోతుంది, బుడగ నిలవదు.

రంధ్రాలు వేయకముందే క్లాంపుతో తాత్కాలికంగా బిగించి, డ్యాంలో ఒకసారి వేగంగా తిరిగి చూడండి. తెర మీద నీటి అడుగును చూపే గీత తెగిపోతుంటే ముందు ఒక్కో మిల్లీమీటరు కిందికి దించండి, అప్పటికీ తెగితే పక్కకు జరపండి. గీత ఆగకుండా వచ్చిన చోటే స్క్రూలు వేసి, రంధ్రాలను మెరైన్ సీలెంట్‌తో మూసేయండి.