తలకు దెబ్బ తగిలాక స్నేహితులు ఎటు పోతారు?

విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద బైక్ పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఇంటికొచ్చిన కొత్తల్లో ఇల్లంతా స్నేహితులే. కొన్ని నెలలు తిరిగేసరికి ఒక్కడూ గుమ్మం తొక్కడు. కుర్రాడు నడుస్తున్నాడు, తింటున్నాడు, స్కానింగ్ బాగానే ఉందన్నారు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

తల దేనికో తగిలి ఆగిపోయినా లోపల మెదడు వెంటనే ఆగదు. నుదుటి వెనక, కణతల దగ్గర పుర్రె అడుగుభాగం గరుకుగా, గట్లుగట్లుగా ఉంటుంది. మెదడు ఎక్కువగా నలిగేది అక్కడే. ఎదుటివాడి ముఖం చూసి మనసు పట్టుకోవడం, నోటికొచ్చిందల్లా అనెయ్యకుండా ఆపుకోవడం, ఒక పనికి తనంతట తాను పూనుకోవడం చాలావరకు ఆ భాగాల పనే. నుదుటి వెనక భాగమైతే పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. దానికి తోడు, మెదడు భాగాలను కలిపే సన్నని పోగులు సాగి దెబ్బతింటాయి. మామూలు సీటీ స్కాన్‌లో ఇవి చాలాసార్లు కనిపించవు.

ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఏదో బిర్యానీ హోటల్లో ఎనిమిది మంది కూర్చున్నారనుకోండి. ప్లేట్ల చప్పుడు, పక్క టేబుల్ గోల, టీవీలో క్రికెట్. అక్కర్లేని చప్పుళ్లను మన మెదడు పక్కన పెట్టేస్తుంది. గాయపడ్డ మెదడుకు అది కష్టం. ఒకడేసిన జోక్ అర్థమై జవాబు తోచేలోపు మాటలు సినిమాల నుంచి ఉద్యోగాల మీదికి వెళ్లిపోతాయి. అరగంటకే తల బరువెక్కి లేచిపోతాడు. "వీడికి పొగరెక్కిందిరా" అంటారు స్నేహితులు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, అది ఇంకా అన్యాయం.

అదే కుర్రాడితో బ్రాడీపేటలో ఇంటి వరండాలో ఒక్క స్నేహితుడు క్యారమ్స్ ఆడితే? ఆట ఎక్కడిదాకా వచ్చిందో బోర్డు మీదే కనిపిస్తుంది, మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. "ఎప్పుడైనా రారా" అంటే అతను రాడు, మొదలుపెట్టడమే కదా అతనికి కష్టం. "ఐదింటికి వస్తా, ఒక గేమ్ ఆడదాం" అనాలి.

ఇదే దారి నడిచొచ్చిన మరో కుర్రాడు దొరికితే ఇంకా మంచిది. హోటల్లో గోడవైపు కూర్చో, పెళ్లికి వెళ్లే ముందు గంట పడుకో, ఫోన్‌లో అలారం పెట్టుకో, టెన్షన్ పడకుండా "మళ్లీ చెప్పు" అని అడుగు. ఇలాంటివి మందుల చీటీలో ఉండవు. బ్రిటన్‌లో 1979లో మొదలైన హెడ్‌వే సంస్థ ఊరూరా ఇలాంటివాళ్లను ఒకచోట చేరుస్తోంది. మన దగ్గర ఫిజియోథెరపీకి వచ్చే నలుగురు కుర్రాళ్లను ఆదివారం పొద్దున, జనం పలచగా ఉన్నప్పుడు ఒక పార్కులో కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కలవడమంటే పార్టీ అని మాత్రం అనుకోకండి. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లకు తర్వాతెప్పుడైనా ఫిట్స్ రావచ్చు, మద్యం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. కృష్ణలో ఈతకు ఒంటరిగా పంపొద్దు. బైక్ తాళం చేతికిచ్చేది డాక్టర్ సరేనన్నాకే.