మాట్లాడే చదరంగం వస్తోంది, నిదానంగా విప్పండి

చిన్నీ, బుజ్జీ,

రేపో ఎల్లుండో మీ ఇంటికి ఒక పెట్టె వస్తుంది. అందులో మీ నానమ్మ పాత చీరల్లో చుట్టిపెట్టిన చదరంగం బోర్డు ఉంటుంది. దాని పేరు వాయిస్ చెస్ ఛాలెంజర్. ఫిడెలిటీ ఎలక్ట్రానిక్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని 1979లో తెచ్చింది. ఎదురుగా మనిషి లేకపోయినా మనతో ఆడుతుంది, తన ఎత్తు తనే పైకి చెబుతుంది. నేను అక్కడ ఉద్యోగం చేసి తిరిగొచ్చేటప్పుడు, 1982లో, మా అన్నయ్య కోసం తెచ్చాను. ఇప్పటికీ మాట్లాడుతోంది.

పెట్టె రాగానే ఆత్రంగా ప్లగ్గు పెట్టేయకండి. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనకి 230. తెచ్చిన రోజు నేను ఆ సంగతి పట్టించుకోకుండా నేరుగా పెట్టేశాను. రెండు నిమిషాల్లో అడాప్టర్ వేడెక్కి గదంతా కాలిన వాసన వచ్చింది. బోర్డుకి ఏమీ కాలేదు, అది మా అదృష్టం. పెట్టెలో నల్లగా, బరువుగా, వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంది. ముందు గోడకి అది, దానికి అడాప్టర్, అడాప్టర్‌కి బోర్డు. ఈ వరస తప్పొద్దు. ఇంట్లో ఉన్న వేరే ఛార్జర్ పిన్ను అందులో దూరినా సరే, పెట్టొద్దు. పిన్ను సరిపోయినంత మాత్రాన కరెంటు సరిపోయినట్టు కాదు. మొదటిసారి మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక పావులు సర్దడం మీకు తెలిసిందే. మీ కుడిచేతి మూల తెల్ల గడి రావాలి, మంత్రి తన రంగు గడిలో నిలబడాలి. బోర్డుకి కుడి పక్కన బటన్లు, వాటి పైన నాలుగు ఎర్ర అంకెలు వెలిగే చోటు ఉంటాయి. అసలు తికమక ఆ బటన్ల దగ్గరే. ఎనిమిది అక్షరాలకీ ఎనిమిది అంకెలకీ కలిపి ఎనిమిదే బటన్లు. ‘ఏ’, ‘1’ ఒకే బటన్ మీద ఉంటాయి, ‘బీ’, ‘2’ ఇంకోదాని మీద, అలా ‘హెచ్’, ‘8’ వరకూ. మొదట నొక్కితే అక్షరం, తర్వాత నొక్కితే అంకె. రాజు ముందున్న బంటుని రెండు గడులు జరపాలంటే ‘ఈ’ ఉన్న బటన్, ‘2’ ఉన్న బటన్, మళ్లీ ‘ఈ’ ఉన్నది, ‘4’ ఉన్నది వరసగా నొక్కాలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, అంతే. చివర ‘ఈఎన్’ నొక్కితే ఎత్తు ఖాయం. మధ్యలో తప్పు నొక్కితే ‘సీఎల్’తో చెరిపేయొచ్చు. ‘ఆర్ఈ’ నొక్కితే ఆట మళ్లీ మొదటికొస్తుంది, అందుకని దాని జోలికి ఊరికే వెళ్లకండి. ‘ఎల్వీ’తో లెవెల్ మారుతుంది. ముందు కింది లెవెల్లోనే ఆడండి. పైకి వెళ్లేకొద్దీ అది చాలాసేపు ఆలోచిస్తుంది. ‘పాడైపోయింది తాతయ్యా’ అని నాకు ఫోన్ చేయకుండా కాసేపు ఓపిక పట్టండి.

ఇంకో సంగతి. ఆ బోర్డుకి పావులు కనపడవు. గడుల కింద ఏమీ లేదు. మీరు బటన్లు నొక్కి చెప్పినదాన్నిబట్టి లోపల తన లెక్క తను పెట్టుకుంటుంది. అది చెప్పిన ఎత్తుని దాని తరఫున మీరే జరపాలి. గుర్రాన్ని పక్క గడిలో పెట్టేశారో, మీ ఆట ఒకటి, దాని ఆట ఇంకొకటి అయిపోతుంది. ఇది సరైన ఎత్తునే ఎందుకు ఒప్పుకోవడం లేదా అని బుర్ర బద్దలుకొట్టుకుంటారు. అలాంటప్పుడు ‘పీవీ’ బటన్ ఉంది. ఏ గడిలో ఏ పావు ఉండాలో దాన్నే అడిగి సరిచూసుకోవచ్చు.

దాని గొంతు మీకు వింతగా ఉంటుంది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు, ఒక్కో మాట విడివిడిగా. నవ్వండి, పరవాలేదు. కానీ ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకున్నాక ఇంకోసారి వినండి. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో ఫారెస్ట్ మోజర్ అనే భౌతికశాస్త్రం ప్రొఫెసర్ ఉండేవారు. ‘ఆ...’ అని సాగదీస్తే గాలిలో ఒకే అల మళ్లీ మళ్లీ వస్తుంది కదా, అన్నీ దాచడం ఎందుకు, ఒకటి దాచి దాన్నే తిప్పితిప్పి వినిపిస్తే చాలదా అన్నది ఆయన పద్ధతిలో ఒక కిటుకు. అందువల్ల మీ బోర్డు మాటలన్నీ 4 కిలోబైట్లలో ఇమిడిపోయాయి. మీ ఫోన్‌లో ఒక్క ఫొటో దానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది. ఆయన పద్ధతితో చేసిన మాట్లాడే చిప్పుని మొదట వాడింది ఆటల్లో కాదు. 1976లో టెలిసెన్సరీ సిస్టమ్స్ అనే కంపెనీ చూపు లేనివాళ్ల కోసం మాట్లాడే క్యాలిక్యులేటర్ చేసింది. అది మొత్తం 24 మాటలు పలికేది. ఆ చిప్పే మూడేళ్ల తర్వాత చదరంగంలోకి వచ్చింది.

మీ పెదతాతయ్యకి గ్లకోమాతో చూపు పోయింది. అప్పటికి ఆయనకి 43 ఏళ్లు. అంతకుముందు తెనాలిలో మా వీధి అరుగు మీద ఆయన్ని ఓడించినవాడు లేడు. చూపు పోయాక ఎవరితోనూ ఆడనన్నాడు. అవతలివాడు జాలిపడి ఓడిపోతే నాకెలా తెలుస్తుందిరా అనేవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

బోర్డు తెచ్చాక ‘ఈ’ ఉన్న బటన్ మీద ఫెవికాల్ చుక్క పెట్టి ఎండనిచ్చాను. ఇప్పటికీ ఉంది, గోటితో గీకి తీసేయకండి. ఆ చుక్క దగ్గర మొదలుపెట్టి వేలితో లెక్కపెట్టుకుంటూ మిగతా బటన్లు పట్టుకునేవాడు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు, కానీ దీనికి కావలసింది ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా అక్షరాలు, ‘ఒకటి’ నుంచి ‘ఎనిమిది’ దాకా అంకెలే కదా. నాలుగు రోజుల్లో ఆ యాస పట్టేశాడు. దానికి ‘దొర’ అని పేరు పెట్టాడు. తెల్లారకముందే లేచి, లైటు వేసుకునే పని లేదు కాబట్టి చీకట్లోనే కూర్చుని దొరతో ఆడేవాడు. ఎడమచెయ్యి పావుల మీద మెల్లగా పాకుతుండేది. ఒక్క పావు కూడా పడేది కాదు. పక్క గదిలో పడుకున్న మాకు ముందు దొర గొంతు, ఆ వెంటనే అన్నయ్య ‘ఆఁ, వచ్చావా’ అనడం వినిపించేవి. జాలిపడదు చూడు, అది నాకు నచ్చింది అని అందరికీ చెప్పేవాడు.

మీరూ మొదట కళ్లు తెరుచుకునే ఆడండి. అలవాటయ్యాక ఒకరు కళ్లు మూసుకుని విని చెప్పండి, రెండోవాళ్లు పావులు జరపండి. పది ఎత్తులు దాటేసరికి పెదతాతయ్య ఏం చేసేవాడో మీకే తెలుస్తుంది.

అంకెల దగ్గర రెండు చిన్న ఎర్ర దీపాలు కూడా ఉంటాయి. ఒకటి చెక్ చెప్పినప్పుడు వెలుగుతుంది. రెండోది అది ఓడిపోయినప్పుడు. ఆ రెండో దీపం అన్నయ్యకి కనపడదు కదా, అందుకని మీ నాన్న దాని మీదే కళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. వెలిగిన మరుక్షణం ‘పెదనాన్నా, వెలిగింది!’ అని వీధంతా వినపడేలా అరిచేవాడు. మీకు వెలిగిన రోజు నాకు ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే.

ప్రేమతో,
తాతయ్య