నటుడు ఆగుతాడు, బొమ్మ ఆగదు

చెరువుగట్టు జాతర మాఘమాసంలో వస్తుంది. నార్కట్‌పల్లి చుట్టుపక్కల అప్పటికింకా చలి పూర్తిగా పోదు, రాత్రిళ్లు మంచు పడుతుంటుంది. డప్పులవాళ్లు మధ్యమధ్యలో ఇంత గడ్డి మంట వేసి డప్పులకు వేడి చూపిస్తుంటారు. తోలు తేమ పీల్చుకుంటే సాగుతుంది, బిగువు తగ్గి మోత బొద్దుగా మారుతుంది. మంట దగ్గర తేమ ఆరిపోగానే మళ్లీ బిగుసుకుంటుంది, కంగుమంటుంది. బిగువు నాలుగింతలైతే కంపనాల వేగం రెండింతలవుతుందనేది భౌతికశాస్త్రం లెక్క. డప్పు కొట్టేవాళ్లకు ఆ సూత్రంతో పనిలేదు, తోలు మీద వేలితో తట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఊరి స్టేజీకి సంగీతం కట్టేవాడు ముందుగా ఆలోచించాల్సింది ఈ తోలు గురించే. రాత్రి పదింటికి కంగుమన్న డప్పు ఒంటిగంటకు అలా మోగదు. కథలో అసలు ఘట్టం వచ్చేది ఆ ఒంటిగంటకే. కాబట్టి దానికి ముందు హాస్యగాడి ముచ్చట ఒకటి పెట్టి, డప్పు మంట దాకా పోయి వచ్చే వ్యవధి కథలోనే కల్పించాలి. కీబోర్డులో దొరికే రికార్డు చేసిన డప్పుకు ఈ బాధ లేదు, అర్ధరాత్రి కూడా ఒకేలా మోగుతుంది. నాకైతే అదే దాని లోపం అనిపిస్తుంది.

నల్లగొండలో నాకు తెలిసిన ఒక సంగీత దర్శకుడు రెండు రకాల పనులూ చేస్తాడు. నాటకాలకు, చిందు యక్షగానాలకు బాణీలు కడతాడు. యూట్యూబులో వచ్చే షార్ట్ ఫిల్ములకు ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం, చేస్తాడు. ఈ రెంటికీ స్వరాలు ఒకటే అయినా కాలం మాత్రం ఒకటి కాదు. స్టేజీ మీద నటుడు పద్యం చివర రాగం తీస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. జనం ఈలలు వేస్తే ఇంకాసేపు నిలబడతాడు కూడా. అందుకే స్టేజీకి రాసే సంగీతంలో ఎన్నిసార్లు తిప్పినా విసుగు పుట్టని చిన్న ముక్కలుండాలి. యక్షగానంలో వంతపాటగాళ్లు చివరి చరణాన్ని పట్టుకుని తిప్పుతూ ఉండేది ఇందుకే. నటుడు సిద్ధమయ్యేదాకా తిప్పుతారు, అతను అడుగు వేయగానే వదిలేస్తారు.

ఆ అడుగుతో మద్దెల దెబ్బ కలవడం వెనక ఒక తమాషా ఉంది. కంటితో చూసి చేయి కదపడానికి మనిషికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. అడుగు పడ్డాక చూసి కొడితే దెబ్బ వెనకబడినట్టే. కాబట్టి మద్దెలగాడు అడుగు పడేదాకా ఆగడు. మోకాలు లేచిన తీరు, నటుడు తీసుకున్న ఊపిరి చూసి, ఎప్పుడు పడుతుందో ముందే లెక్కగడతాడు. ప్రయోగశాలల్లో మనుషుల్ని గడియారం లాంటి టిక్కుటిక్కులకు వేలు తట్టమంటే, చాలామంది టిక్కు కంటే కొన్ని మిల్లీసెకన్లు ముందే తడతారని తేలింది. లయ అంటే మెదడుకు ఊహ, వినడం తరవాతి సంగతి.

తెర దగ్గరికొస్తే ఎదురుచూసేవాడెవడూ ఉండడు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు పరిగెడుతుంది. 1930లలో హాలీవుడ్‌లో ఫిల్ముకు చిల్లులు పొడిచి, ఆ చిల్లు దాటినప్పుడల్లా టిక్కుమనే శబ్దం వాద్యకారుల చెవుల్లోకి పంపేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది కానీ లెక్క మారలేదు. నిమిషానికి 24 అరవైలు 1440 ఫ్రేములు. నిమిషానికి 120 దెబ్బల వేగమైతే దెబ్బకు 12 ఫ్రేములు, 96 అయితే 15.

ఆ మిత్రుడి గదిలో ఒకరోజు చూసిన పని ఇది. మైకులోకి గాలి చప్పుడు పోతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. సీనులో మిర్యాలగూడ బస్సు కదులుతుంది, కొడుకు అందులో ఉన్నాడు. సరిగ్గా ఏడున్నర సెకన్లకు, అంటే 180వ ఫ్రేముకు, తల్లి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరగడం మీద తాళం మొదటి దెబ్బ పడాలి. 120 వేగంలో 180 ఫ్రేములంటే 15 దెబ్బలు. నాలుగేసి దెబ్బల తకధిమిలో అది మూడు ఆవర్తాలు, అంటే తాళం మూడు చుట్లు, దాటి నాలుగోదాని తోక మీద పడుతుంది, అంత బలం ఉండదు. వేగం 128కి పెంచితే 16 దెబ్బలై సరిపోతుంది గానీ తల్లి కంగారు పడుతున్నట్టుంది. 96కి తగ్గిస్తే 12 దెబ్బలు, అదీ సరిపోతుంది, కానీ బస్సు ఎడ్లబండి అయిపోయింది. చివరికి వేగాన్ని 120 దగ్గరే వదిలేసి తాళం మార్చాడు. తకధిమి తీసేసి తకతకిట పెట్టాడు. అయిదేసి దెబ్బలు, మూడు ఆవర్తాలు, లెక్క పదిహేను. తల్లి తిరిగే క్షణానికి కొత్త ఆవర్తం మొదలైంది. పైగా అయిదు దెబ్బల నడకలో ఉండే ఆ చిన్న తొట్రుపాటు సీనుకు అతికినట్టుంది.

అంతా కుదిరాక ఆ దెబ్బను ఒక ఫ్రేము వెనక్కి, అంటే తల్లి తిరిగాక పడేలా, జరిపాడు. ఇందులోనూ శాస్త్రముంది. చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే గుడ్డ రాయికి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది మరి. ఆలస్యంగా వచ్చే శబ్దానికి మన మెదడు అలవాటు పడింది, ముందొచ్చే శబ్దం దానికి ఎప్పుడూ ఎదురుకాలేదు. టీవీ ప్రసారాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సూచనలో కూడా ఇదే తేడా ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పసిగడతారు, వెనకబడితే 125 దాకా పట్టించుకోరు. ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. వెనక్కి జరపడానికి చోటుంది, ముందుకు జరపడానికి దాదాపు లేనట్టే.

డైరెక్టర్ మాత్రం ఫోన్ చేసి, "అన్నా, ఆడ జర ఏడుపు రావాలె, సన్నాయి పెట్టు" అన్నాడు. ఈ మాట వినని సంగీత దర్శకుడు ఉండడేమో. తెర మీద బొమ్మకు అర్థం చెప్పే శక్తి సంగీతానికి ఎంతుందో 1988లో మార్షల్, కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు చూశారు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం అటూఇటూ కదిలే కార్టూన్ బొమ్మకు వేరువేరు సంగీతాలు జోడించి చూపించారు. సంగీతం మారేసరికి ఆ ఆకారాల స్వభావం గురించి జనం చెప్పిన అభిప్రాయాలూ మారాయి. త్రిభుజానికే గుణం అంటగట్టగలిగినప్పుడు, కళ్లలో నీళ్లు తిరిగిన తల్లికి సన్నాయి ఎందుకు? ఆమె ముఖమే ఆ పని చేస్తోంది. సన్నాయి పెడితే ప్రేక్షకుడికి చేయడానికేమీ మిగలదు.

సన్నాయితో ఇంకో చిక్కు, అది మాటను మింగేస్తుంది. మన మాటల్లో అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాల, లోపు ఉంటుంది. స, శ, చ లాంటి హల్లుల పదును 2000 పైన ఉంటుంది, మాట అర్థమయ్యేది ఎక్కువగా ఆ పదును వల్లే. సన్నాయి బలమంతా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. డప్పులో కూడా లావుపాటి చిర్ర దెబ్బ ఒక రకం, సన్నటి సిటికెన పుల్ల టకటక ఒక రకం. మాట నడుస్తున్నప్పుడు సిటికెనను ఆపి చిర్రను మెల్లగా ఉంచితే చాలావరకు బతికిపోతాం. మెల్లగానే ఉండాలి, ఎందుకంటే గట్టిగా మోగే కింది స్థాయి శబ్దం పై స్థాయి శబ్దాల్ని కప్పేస్తుంది. స్టేజీ మీద తరతరాలుగా ఉన్న పద్ధతి ఇంకా సులువు: వచనం చెప్పేటప్పుడు తాళాలు ఆపేస్తారు, వాక్యం అయ్యాక ఒక్కసారి మోగిస్తారు.

తెర చేసిన మేలు చిన్న గొంతున్న వాద్యాలకు దక్కింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో, నారాయణపేట ప్రాంతపు దాసరి కొండప్ప బుర్రవీణకు 2024లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి వాద్యాలు జాతర గోలలో పది గజాలు దాటితే వినపడడం కష్టం. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రికార్డింగ్ గదిలో మైకును వాద్యానికుండే సొరబుర్రకు జానెడు దూరంలో పెడితే మాత్రం తీగ మీద గోరు జారిన చప్పుడు కూడా పడుతుంది. ఇరవై డప్పుల మీద కూడా దాన్ని పైకి తేవచ్చు.

అదే పాటను తిరిగి స్టేజీకి తెస్తే తిప్పలు మొదలవుతాయి. కిన్నెర వినపడాలని మైకు పెంచితే స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి కీచుమంటుంది. అందుకని మా మిత్రుడు స్టేజీ కోసం వరస మార్చి రాసుకుంటాడు. కిన్నెర ముక్కను పాట మొదట్లో, మిగతావాళ్లెవరూ ముట్టుకోని చోట పెడతాడు. స్పీకర్లను కిన్నెర కంటే నాలుగు అడుగులు ముందుకు జరిపించి, డప్పులవాళ్లను ఆ కాసేపు మంట దగ్గరికి పంపిస్తాడు.